తరగతి గది నుంచి సంస్థ స్థాపన వరకు: విద్యార్థి ఆవిష్కర్తలకు విశ్వవిద్యాలయాల చేయూత

ప్రత్యేక వ్యాసం

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో విద్యార్థులు తయారుచేసే ప్రాజెక్టులలో అత్యధిక భాగం పరీక్షకుల సంతకంతోనే ముగిసిపోతుంటాయి. వాటిలో రైతుకో, రోగికో, చిన్న పరిశ్రమకో ఉపయోగపడగలిగినవి కొన్ని ఉన్నా, అవి ప్రయోగశాల గడప దాటి విపణికి చేరటం అరుదు. ఈ లోటును పూరించే ఉద్దేశంతో ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల అంకుర సంస్థలకు తోడ్పాటు అందించే వ్యవస్థ గత రెండు దశాబ్దాలుగా క్రమంగా రూపుదిద్దుకున్నది. ఆ వ్యవస్థ పనిచేసే తీరు, విద్యార్థికి గల హక్కులు, సంస్థలు పాటించవలసిన నియమాలు తెలిసి ఉండటం అధికారులకు, పాత్రికేయులకు ఎంతైనా అవసరం.

తెలుగునాట పునాదులు

హైదరాబాదులో 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో 2008లో వ్యవస్థాపకతా కేంద్రం ప్రారంభమైంది. అదే ప్రాంగణంలో 2015 నవంబరు 5న తెలంగాణ ప్రభుత్వం టీ-హబ్‌ను నెలకొల్పింది. 2022 జూన్‌లో టీ-హబ్ రాయదుర్గంలోని విశాలమైన నూతన భవనంలోకి మారింది. మహిళా వ్యవస్థాపకుల కోసం వీ-హబ్ 2018 మార్చిలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. జాతీయ స్థాయిలో చూస్తే, 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా కార్యక్రమానికి శ్రీకారం చుట్టగా, 2018లో విద్యాసంస్థలలో ఆవిష్కరణల మండళ్ల ఏర్పాటు చేపట్టడం జరిగింది. 2019 సెప్టెంబరులో విద్యార్థులు, అధ్యాపకుల కోసం జాతీయ ఆవిష్కరణ, అంకుర సంస్థల విధానం వెలువడింది. ఇది మార్గదర్శక పత్రం. దీనిని అనుసరించి ప్రతి విద్యాసంస్థ తన పాలకమండలి ఆమోదంతో సొంత నియమావళిని రూపొందించుకోవలసి ఉంటుంది.

విద్యార్థికి లభించే వెసులుబాట్లు

ఈ విధానం ప్రకారం విద్యార్థి తన అంకుర సంస్థ పనినే మినీ ప్రాజెక్టుగా, ప్రధాన ప్రాజెక్టుగా లేదా వేసవి శిక్షణగా ఎంచుకొనవచ్చును. తగిన అనుమతితో, హాజరు కనీస శాతం కంటె తగ్గినప్పటికీ పరీక్షలకు కూర్చొనే వీలు కల్పించవచ్చును. ఒక సెమిస్టరు గాని, ఒక సంవత్సరం గాని చదువుకు విరామమిచ్చి, తిరిగి అదే కోర్సులో చేరే అవకాశం కూడ ఉన్నది. సంస్థ తన వార్షిక బడ్జెటులో కనీసం 1 శాతాన్ని ఆవిష్కరణలకు, అంకుర సంస్థలకు కేటాయించాలని విధానం సూచిస్తున్నది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఉపకార వేతనాలు, బోధనా రుసుముల చెల్లింపు వంటి సహాయం హాజరుతో ముడిపడి ఉన్నచోట, పరీక్షల విభాగం ఇచ్చే మినహాయింపు ఒక్కటే పేద విద్యార్థిని ఆదుకొనజాలదు. పరీక్ష రాసే హక్కు దక్కినా, రుసుము భారం తలపై పడితే ఆ వెసులుబాటు కలిగినవారికే పరిమితమవుతుంది. కనుక మినహాయింపు ఉత్తర్వు జారీ చేసేటప్పుడే సంక్షేమ విభాగంతో సంప్రదించి, విద్యార్థి సహాయం కొనసాగే తీరును లిఖితపూర్వకంగా తేల్చుకొనటం అవసరం.

వయస్సు విషయంలోనూ జాగ్రత్త వహించాలి. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదవ తరగతి పూర్తయిన వెంటనే విద్యార్థులు ఆరేళ్ల కోర్సులో చేరుతారు. 18 ఏళ్లు నిండనివారు చట్టరీత్యా ఒప్పందం చేసుకొనజాలరు. కనుక తొలి సంవత్సరాలలోని విద్యార్థులకు ఆలోచనను మెరుగుపరచుకొనే శిక్షణ ముందుగా ఇచ్చి, సంస్థ నమోదును తరువాతి దశకు ఉంచటం సముచితం.

ఆవిష్కరణ ఎవరి సొత్తు?

వివాదాలకు మూలం ఎక్కువగా ఈ ప్రశ్నే. సంస్థ సౌకర్యాలను గాని నిధులను గాని గణనీయంగా వాడుకున్నప్పుడు, లేదా పాఠ్యప్రణాళికలో భాగంగా రూపొందించినప్పుడు మేధో సంపత్తి హక్కులు ఆవిష్కర్తలకు, సంస్థకు ఉమ్మడిగా చెందుతాయని 2019 విధానం చెబుతున్నది. సంస్థ సౌకర్యాలు వాడకుండా, చదువులో భాగం కాకుండా విద్యార్థి సొంతంగా రూపొందించినదానిపై పూర్తి హక్కు ఆవిష్కర్తలదే. అంటే, ప్రాజెక్టు మార్కుల కోసం అంకుర సంస్థ పనిని ఎంచుకున్న విద్యార్థి, దానితోపాటు ఉమ్మడి హక్కుకు కూడ అంగీకరించినట్లే. ఈ సంగతి ముందుగానే విద్యార్థికి వివరించవలసిన బాధ్యత శాఖాధిపతిపై ఉన్నది. వివాదం తలెత్తితే ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు పూర్వ విద్యార్థులు లేదా పారిశ్రామిక నిపుణులు, ఒక న్యాయ సలహాదారుతో కనీసం ఐదుగురు సభ్యుల సంఘం పరిశీలించాలి.

వసతి, మార్గదర్శనం, ప్రారంభ నిధులు, న్యాయ సేవల వంటి తోడ్పాటుకు ప్రతిగా విద్యాసంస్థ అంకుర సంస్థలో 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకొనవచ్చును. వాటాకు బదులు రుసుము వసూలు చేయటానికి గాని, ఉచితంగా సేవలందించటానికి గాని కూడ వీలున్నది. అధ్యాపకులు సలహాదారులుగా తమ పనివేళల్లో 20 శాతానికి మించి వెచ్చించరాదు. పూర్తికాలం సంస్థను నడపదలచినవారు సెలవు పెట్టవలసి ఉంటుంది. పరిశోధక సిబ్బందిని అధ్యాపకుని సొంత సంస్థ పనికి వాడుకొనరాదన్న నియమం అత్యంత కీలకమైనది. డిగ్రీ ఆ అధ్యాపకుని సంతకంపై ఆధారపడి ఉన్నపుడు పరిశోధక విద్యార్థి కాదనలేడు గనుక ఇటువంటి కట్టుబాటు అవసరం.

ప్రదర్శనకు ముందే దరఖాస్తు

పేటెంటు దరఖాస్తుకు ముందే ఆవిష్కరణ వివరాలు బహిర్గతమైతే, పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం దాని కొత్తదనానికి భంగం కలుగుతుంది. కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే 12 నెలల మినహాయింపు గలదు. కళాశాల సాంకేతికోత్సవంలో పనితీరును విడమరచి చూపటం, పత్రికలో రేఖాచిత్రంతో సహా వార్త రావటం తరువాతి కాలంలో అవరోధం కావచ్చును. కనుక ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసి, 12 నెలలలోగా సంపూర్ణ వివరణ సమర్పించే మార్గాన్ని ఎంచుకొనటం మేలు. విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు 2021 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. విద్యార్థుల ఆవిష్కరణలపై వార్తలు రాసే పాత్రికేయులు దరఖాస్తు దాఖలైనదో లేదో అడిగి తెలుసుకొని, దాఖలు కానిచో సాంకేతిక వివరాలను మినహాయించి, ప్రయోజనాన్ని మాత్రమే ప్రచురించటం విద్యార్థికి చేసే పెద్ద మేలు.

నిధులు, ఫలితాల మదింపు

కేంద్ర ప్రభుత్వం 2021లో రూ. 945 కోట్లతో ప్రవేశపెట్టిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో, ఎంపికైన ఇంక్యుబేషన్ కేంద్రాల ద్వారా నమూనా తయారీ దశకు రూ. 20 లక్షల వరకు గ్రాంటు, విపణి ప్రవేశ దశకు రూ. 50 లక్షల వరకు పెట్టుబడి సహాయం కల్పించటం జరిగింది. నిధులు కేంద్రాల ద్వారానే అందే ఇటువంటి పథకాలలో, చిన్న పట్టణాల కళాశాలలు సమీపంలోని విశ్వవిద్యాలయ కేంద్రంతో అనుసంధానం కావటం ముఖ్యం.

నమోదైన సంస్థల సంఖ్య ఒక్కటే విజయానికి కొలబద్ద కాదు. మూడేళ్ల తరువాత ఎన్ని నిలిచాయి, ఎందరికి ఉపాధి కల్పించాయి, విరామం తీసుకున్న విద్యార్థులలో ఎందరు తిరిగి వచ్చి పట్టా పొందారు అన్నవి కూడ నివేదికలలో చేరాలి. అంకుర సంస్థలలో అనేకం నిలదొక్కుకొనలేవన్నది జగమెరిగిన సత్యం. సంస్థ మూతపడినా విద్యార్థి చదువు ఆగిపోకుండా చూడగలిగిన విశ్వవిద్యాలయమే, రేపటి విద్యార్థికి ధైర్యంగా ముందడుగు వేసే అవకాశం ఇవ్వగలుగుతుంది.