కుక్క గిన్నె మీద సీఈ ముద్ర దేనికి?

"సీఈ సర్టిఫికెట్ ఎంతకొస్తుంది మేడమ్?" ఐరోపాకు సరుకు పంపాలనుకునే చిన్న ఫ్యాక్టరీల వాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే. వాళ్ల సరుకుకు భద్రతా ఫైళ్లు రాసిపెట్టడం నా పని. అది కొనుక్కునేది కాదండీ, సరుకు ఐరోపా నియమాలకు సరిపోతుందని చెప్పడానికి చాలా సరుకులకు తయారీదారే పరీక్షలు చేయించి, సంతకం పెట్టి, తనే వేసుకునే ముద్ర అంటే నమ్మరు.

స్టీలు కుక్క గిన్నెనే చూడండి. దానికి సీఈ అక్కర్లేదు సరికదా, వేస్తే తప్పు. ఏ చట్టమూ అడగని వస్తువు మీద ఆ ముద్ర ఉండకూడదు. అయినా గిన్నె అడుగున సీఈ అని అచ్చు కొట్టేస్తూనే ఉంటారు!

అలాగని గిన్నెను ఎవరూ పట్టించుకోరనుకోవద్దు. సాధారణ ఉత్పత్తుల భద్రతా నియమావళి 2024 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉంది. అంచు చెయ్యి కోస్తుందా, అడుగున రబ్బరు రింగు ఊడితే పసివాడు నోట్లో పెట్టుకుంటాడా అన్నవి ముందే ఆలోచించి రాసి, ఆ కాగితాలు పదేళ్లు దాచాలి. బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, ఈమెయిల్ ఉండాలి. ఐరోపాలోనే ఉండి జవాబు చెప్పే మనిషో సంస్థో కూడా కావాలి.

అదే గిన్నెకు మోటారు, వైఫై తగిలించారా, రేడియో పరికరాల చట్టం కిందికి వస్తుంది. ఇక సీఈ తప్పదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది కోళ్ల షెడ్డులో దాణా లైను. దాణా తగ్గగానే సెన్సరు మోటారును తిప్పేస్తుంది. తొట్టిలో ఎవరి చెయ్యి ఉందో దానికి తెలియదు. అందుకే దాణాను తోసే స్క్రూ దగ్గర జాలీ ఉండాలి, పనిముట్టు లేకుండా అది ఊడకూడదు. ఊడదీసినప్పుడు బోల్టులు కింద పడిపోకుండా జాలీకో యంత్రానికో అంటిపెట్టుకునే ఉండాలి. బోల్టు పోతే జాలీని మళ్లీ బిగించేవాడెవడు? ఈ ఒక్క నియమం రాసినవాళ్లు షెడ్డులో పనిచేసి ఉంటారని నా అనుమానం. యంత్రం పోలండ్ వెళ్తే వాడకం పుస్తకం పోలిష్‌లో ఉండాలి, ఇంగ్లిష్ చాలదు.

యంత్రాలకు ఇప్పుడున్నది 2006 నాటి ఆదేశం. దాని బదులు 2027 జనవరి 20 నుంచి కొత్త నియమావళి వస్తుంది. ఆ తేదీ దాటాక ఐరోపా మార్కెట్లోకి వెళ్లే యంత్రం మీ చేతిలో ఉంటే, ఫైలు కొత్త నియమాల ప్రకారమే రాయించుకోండి.