ఉక్కు చట్రముతో ఇల్లు కట్టుట

మెండోర పరిసర గ్రామముల సభ్యులు కొందరు క్రొత్త యిండ్లు కట్టదలచి, కాంక్రీటు స్తంభములు పోయుట మేలా, ఉక్కు గుంజలు నిలిపి పైన రేకు వేయుట మేలా యని మమ్ము అడుగుచున్నారు. పసుపు అమ్మిన సొమ్మును, దానిపై మరికొంత అప్పును ఇంటిలో పెట్టిన రైతు మరల పదియేండ్లవరకు అట్టి పనికి పూనుకొనజాలడు. కావున ఈ పద్ధతిలోని గుణమును దోషమును మాకు తెలిసినంతవరకు ఇచట వివరించుచున్నాము.

చట్రపు ఇల్లు మనకు క్రొత్త వస్తువు కాదు. మన పెద్దలు టేకు గుంజలు నిలిపి, వానిపై దూలములు, దూలములపై దంతెలు, వాసములు పేర్చి పెంకు కప్పుకొనిరి. అట్టి యిండ్లలో వానకు మట్టిగోడ ఒకవైపు కూలినను కప్పు కదలక నిలిచియుండుట పలువురు చూచినదే. ఏలయన అచట కప్పు భారమును మోయునది గుంజయే గాని గోడ గాదు. గోడ గాలిని, ఎండను, దొంగను ఆపుటకు మాత్రమే. ఉక్కు చట్రపు ఇంటిలోను ఇదే క్రమము: టేకు ఉన్నచోట ఉక్కు వచ్చినది. 1885వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున పదియంతస్తుల భవనమొకటి లోహపు చట్రముపై లేచినది మొదలు పెద్ద నగరములు పైకి పెరుగుటకు ఈ పద్ధతియే ఆధారమైనది.

ఉక్కు సంగతి చెప్పవలసి వచ్చినపుడు కోనసముద్రమును తలపక పోరాదు. కమ్మర్‌పల్లి మండలములోని ఆ గ్రామమున మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పర్షియా దేశపు వర్తకులు వచ్చుచుండిరి. వాయిసీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము 1832లో అచ్చుపడినది. అయితే ఆ ఉక్కు కత్తులకు తగినది. దానిలో బొగ్గుపాలు నూటికి ఒకటికి మించియుండుటచే అది మిక్కిలి కఠినము. వంగుటకంటె విరుగుటకు దగ్గర. ఇంటికి కావలసినది దీనికి విరుద్ధము. ఇంటి ఉక్కులో బొగ్గు నూటికి పావుపాలు లోపుననే యుండును. అది భారము మించినపుడు ముందుగా వంగి హెచ్చరించును, చక్కగా అతుకును. మనలో కొందరు చవుకగా దొరకునని పాత రైలు పట్టాలను తెచ్చి దూలములుగా వేయుదురు. పట్టాలో బొగ్గు అరపాలుకు మించియుండును. దానిని సామాన్యపు వెల్డింగుతో అతికినచో అతుకు ప్రక్కనే పగులు పుట్టును. పట్టాను అతుకక, నిడివిగా గోడపై పరచిన యెడల పని జరుగవచ్చును. చట్రములో మాత్రము దానికి చోటు లేదు. తుక్కు దుకాణపు గొట్టముల సంగతియు ఇంతే. ఐ.ఎస్. 2062 అను గుర్తుగల క్రొత్త ఉక్కునే కొని, రసీదు తీసికొనవలెను.

ఇక ముఖ్య విషయమునకు వత్తుము. కాంక్రీటు ఇల్లు తన బరువుచేత నిలుచును. ఉక్కు రేకుల ఇల్లు తన బిగింపుచేత నిలుచును. ఈ భేదము తెలియక కట్టినవే వేసవి గాలివానలకు ఎగిరిపోవుచున్నవి. లెక్క చూడుడు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఇంటికి అయిదంగుళముల కాంక్రీటు కప్పు వేసినచో దాని బరువు సుమారు 35 టన్నులు. అదే ఇంటికి రేకును, దానిని మోయు సన్నని ఉక్కు పట్టెలను కలిపి తూచినను రెండు టన్నులు దాటదు. గాలి సెకనుకు 40 మీటర్ల వేగముతో, అనగా గంటకు 144 కిలోమీటర్లతో వీచినపుడు చదరపు మీటరునకు సుమారు 98 కిలోల ఒత్తిడి కలుగును. కప్పు మీదుగా పోవు గాలి కప్పును క్రిందికి నొక్కదు, పైకి పీల్చును. ఆ పీల్పు కప్పు వాలును బట్టి, తలుపులు కిటికీలు తెరచియుండుటను బట్టి హెచ్చుతగ్గులగును గాని, ఉజ్జాయింపున మన ఇంటి కప్పంతటికి 11 టన్నుల వరకు రావచ్చును. రెండు టన్నుల కప్పును 11 టన్నుల బలము లాగుచుండ దానిని పట్టియుంచునది బోల్టు తప్ప వేరేదియు లేదు. రేకులపై రాళ్ళు, ఇసుక సంచులు పెట్టుట మన యూళ్ళలో ఆచారము. పది రాళ్ళు కలిసి రెండు క్వింటాళ్ళు తూగవు; అవి ఎగిరి పొరుగువాని తలపై పడుట మాత్రము కలదు. ఒకవైపు గోడలేని కొట్టములకు ప్రమాదము మరింత హెచ్చు, ఏలయన గాలి లోన జొచ్చి క్రిందినుండి కూడ తన్నును.

కావున బిగింపు పైనుండి క్రిందివరకు గొలుసువలె తెగక సాగవలెను. రేకు పట్టెకు, పట్టె దూలమునకు, దూలము గుంజకు, గుంజ పునాదికి. రేకు అంచులవద్దను మూలలవద్దను పీల్పు అధికము గనుక అచట మరలు దగ్గరదగ్గరగా వేయవలెను. గుంజ అడుగున మందపాటి పలక అతికి, పునాది కాంక్రీటులో ముందే పాతిన నాలుగు బోల్టులకు బిగింతురు. ఆ బోల్టులు లోపల వంపు తిరిగి లోతుగా దిగియుండవలెను. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట తొలిచి గ్రుచ్చిన పొట్టి బోల్టులను మేము నమ్మము. గొలుసులో ఒక్క కొక్కెము సడలినచో తక్కినవన్నియు వ్యర్థములు. ఇట్టివానిలో మేమొకటి చూచితిమి: గుంజలు నిలువుగా నిలిచియున్నవి, కప్పు మాత్రము ప్రక్క పొలములో పడియున్నది. గుంజలపై ఖర్చు పెట్టిన యజమాని మరల దగ్గర పొదుపు చేసెను.

రెండవది, ఏటవాలు కడ్డీ. కాళ్ళు వదులైన నులక మంచము ప్రక్కకు ఊగునట్లు, నాలుగు గుంజలు నాలుగు దూలములు మాత్రమే గల చట్రము గాలికి ప్రక్కకు వాలును. మూలనుండి మూలకు ఒక కడ్డీ వేసినచో చతురస్రము రెండు త్రికోణములగును. త్రికోణము ఆకారము మారదు. కంచె తలుపునకు అడ్డముగా ఏటవాలు పట్టె కొట్టుటలోని మర్మము ఇదియే. కిటికీకి అడ్డమని ఈ కడ్డీని మేస్త్రీలు తీసివేయ జూతురు. తీయనీయరాదు.

నల్లరేగడి నేలలో కట్టువారు మరియొకటి గమనింపవలెను. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చును. బరువైన ఇల్లు ఆ ఉబ్బును కొంత అణచగలదు; తేలికైన ఉక్కు ఇంటిని నేల సులభముగా పైకెత్తును. తేలిక ఇంటికి తేలిక పునాది చాలుననుట ఎర్రనేలలో ఒప్పును గాని రేగడిలో ఒప్పదు. అచట నేల కదలని లోతువరకు, సామాన్యముగా మూడున్నర మీటర్లవరకు, గుండ్రని గుంత తొలిచి అడుగున గడ్డవలె వెడల్పు చేసి కాంక్రీటు పోయు పద్ధతి కలదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు దీనిని మన దేశమున ప్రచారము చేసిరి.

వేడిమి సంగతి అందరికి తెలిసినదే. నిజామాబాదు వేసవిలో ఒట్టి రేకు క్రింద పగలు మనిషి ఉండజాలడు. శీతకాలపు తెల్లవారుజామున రేకు చల్లబడి, లోపలి ఆవిరి దాని అడుగున నీరై కారును. పసుపు కొమ్ములు, విత్తనములు నిలువచేయువారికి ఈ చుక్కలు చేయు నష్టము ఎండకంటె హెచ్చు. దీనికి ఉపాయములు రెండు. నడుమ వేడిని ఆపు పొరగల జోడురేకు పలకలు వాడుట యొకటి. ఉక్కు దూలములపై మడతరేకు పరచి దానిపై పలుచని కాంక్రీటు పోయుట రెండవది. నివాసపు ఇంటికి రెండవదే మంచిదని మా అభిప్రాయము. పీల్పు భయము తగ్గును, మీద మరియొక అంతస్తునకు వీలుండును, సెంట్రింగు కర్రల బెడద యుండదు. అయితే ఆ బరువునకు తగిన గుంజలను ముందే లెక్కించి వేయవలెను. రేకు ఇంటికని వేసిన చట్రముపై తరువాత కాంక్రీటు పోయుట ప్రాణాపాయము.

త్రుప్పు గుంజ తలవద్ద గాక పాదమువద్ద పుట్టును. పశువుల మూత్రము, ఎరువుల ఉప్పు, నిలిచిన నీరు అచటనే చేరును. అందుచే గుంజను మట్టిలో పాతరాదు. నేలకు అడుగెత్తు కాంక్రీటు దిమ్మెపై నిలుపవలెను. గొట్టపు గుంజ కొనలు పూర్తిగా మూయవలెను, లోపల త్రుప్పు పట్టినచో పైకి తెలియదు గనుక. రంగు వేయుటకు ముందు త్రుప్పు, పొట్టు, నూనె గీకి తీయవలెను. అట్లు చేయని రంగు రెండు వానలకే పొరలుగా ఊడును. జస్తా పూత గల ఉక్కును వెల్డింగు చేసినచో ఆ చోట పూత కాలిపోవును. అచట జస్తా రంగు మరల పూయవలెను. ఆ పొగ పీల్చిన పనివానికి జ్వరము వచ్చును గనుక వెల్డింగు ఆరుబయట చేయింపవలెను.

ఉక్కు కాలదు గాని వేడికి మెత్తబడును. సుమారు 550 డిగ్రీల సెల్సియసు వద్ద దాని బలము దాదాపు సగమగును. పత్తికట్టె రాశి అంటుకొన్నచో అంత వేడి కొద్ది నిమిషములలోనే పుట్టగలదు. వంటపొయ్యి గాని, కట్టెల రాశి గాని గుంజకు ఆనుకొని యుండరాదు; అట్టిచోట గుంజ చుట్టు ఇటుక కట్టవలెను. విద్యుత్తు విషయమున అశ్రద్ధ అంతకంటె ఘోరము. ఎచటనో ఒక తీగె పైతోలు చెడి ఇనుమునకు తగిలినచో ఇల్లంతయు కరెంటుతో నిండును. చట్రమునకు ఎర్తింగు తప్పక చేయించి, 30 మిల్లీఆంపియర్లకే తెగిపోవు ఆర్.సి.సి.బి. అను మీటను పెట్టింపవలెను. పిల్లలున్న ఇంటిలో ఇది తలుపు గొళ్ళెమంత అవసరము.

మిల్లీమీటరు చుట్టుపట్ల మందము గల జస్తా పూత రేకును మడచి, దగ్గరదగ్గరగా నిలిపి గోడలే చట్రముగా చేయు తేలిక పద్ధతియు కలదు. 2021 జనవరి 1న దేశమున ఆరుచోట్ల ప్రారంభింపబడిన ప్రభుత్వ గృహ ప్రయోగములలో త్రిపురలోని అగర్తల యందు ఈ విధమును ఎన్నుకొనిరి. అది కర్మాగారపు కొలతలతో జరుగు పని. గ్రామపు వెల్డింగు దుకాణమున దానిని అనుకరించుట కూడదు.

కట్టదలచినవారు మొదట ఇంజనీరుచేత పటము, గుంజల కొలత, బోల్టుల లెక్క వ్రాయించి తెచ్చుకొనవలెను. గుత్తేదారుకు సొమ్ము మూడు విడతలుగా ఇచ్చుట మంచిది: పునాది బోల్టులు నిలిపి కొలత సరిచూచిన పిమ్మట మొదటిది, చట్రము నిలిచి ఏటవాలు కడ్డీలు బిగిసిన పిమ్మట రెండవది. మూడవదానిని కప్పు వేసిన నాడే ఈయక, యజమాని స్వయముగా నిచ్చెన ఎక్కి అంచుల మరలు లెక్కించి చూచిన మీదట ఇయ్యవలెను. మొదటి వేసవి గడచిన పిమ్మట పాదము బోల్టులను పానాతో మరియొకసారి బిగింపించవలెను. ఎండకు సాగి చలికి ముడుచుకొను ఉక్కు ఆ యేడాదిలో నట్లను కొంత సడలించియుండును.