మ్యూజియంలో ముట్టుకోవద్దని ఎందుకంటారు?

చెయ్యి ఎంత కడుక్కున్నా వేళ్ల చివర చెమట, ఉప్పు, జిడ్డు ఉంటాయి. ఒకరు తాకితే ఏమీ కాకపోవచ్చు. రోజూ వందల మంది తాకితే ఇత్తడి రంగు మారుతుంది, కాన్వాసు మీద మరక పడుతుంది.

అయితే ఒకసారి కథ అడ్డం తిరిగింది. 2010 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడర్న్‌లో చైనా కళాకారుడు ఐ వైవై పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. దాదాపు 10 కోట్లు! కొరికితే పళ్లు విరుగుతాయి, అన్నీ పింగాణీవే మరి. జింగ్‌డెజెన్ అనే ఊళ్లో 1,600 మందికి పైగా పనివాళ్లు వాటిని చేశారు. అచ్చులో పోసి, కాల్చి, ఒక్కో గింజ మీదా కుంచెతో నల్లచారలు గీసి, మళ్లీ కాల్చారు. చేత్తో గీసినవి కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవు.

మొదట్లో జనం వాటి మీద నడిచారు, దోసిళ్లతో ఎత్తిపోశారు. కొద్ది రోజులకే మ్యూజియం వద్దంది. ఎందుకు? గింజలు ఒరుసుకుని సన్నటి దుమ్ము లేచింది. దాన్ని పదేపదే పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. అంటే ఈసారి కాపాడాల్సింది మనుషుల్నే!

నన్నడిగితే, కాలికింద కరకర పోయాక సగం సరదా పోయినట్టే. దూరం నుంచి అది ఉత్త బూడిదరంగు నేలలా ఉండేది. మీరు ఏ మ్యూజియంకైనా వెళ్లినప్పుడు ‘ఇది ముట్టుకోవచ్చా?’ అని కాపలా వాళ్లనే అడగండి. కొన్ని చోట్ల ముట్టుకోనిస్తారు కూడా.