ఘాట్‌దారుల్లో బరువు మోసే వాహనాలు: కమానుకట్టలు, షాక్ అబ్జార్బర్ల ఎంపిక

వ్యాససంగ్రహం:
చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు మన్యానికి వెళ్లే దారిలో జీపులు, పికప్ వాహనాలు మనుషులతో, సరకులతో నిండుగా తిరుగుతాయి. బరువుకు వెనకభాగం కుంగిన వాహనానికి కమానుపట్టీలు చేర్చడం, ఎత్తు పెంచడం, షాక్ అబ్జార్బర్లు మార్చడం అనే మూడు పనులను ఒకటిగా భావించడం పరిపాటి. ఇవి మూడు వేరువేరు ప్రయోజనాలు గల పనులని, స్ప్రింగును బరువును బట్టి, షాక్ అబ్జార్బరును స్ప్రింగును బట్టి ఎంచుకోవాలని, ఈ మార్పులేవీ వాహనపు అనుమతభారాన్ని పెంచవని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కమానుకట్ట, స్ప్రింగు గట్టిదనం, షాక్ అబ్జార్బర్, గరిమనాభి, స్థూలభారం, ఘాట్‌రోడ్డు.

1. ప్రవేశిక:
చోడవరం పూర్వపు ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఘాట్ పైనున్న పాడేరు అదేరోజు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమయింది. మైదానాన్నీ మన్యాన్నీ కలిపే ఈ దారిలో పసుపు, మిరియాలు, కాఫీ వంటి పంటలు కిందికి దిగుతాయి. ఇంటిసరకులు, సిమెంటు, ఇనుము పైకి వెళ్తాయి. ఘాట్ ముగిసిన తరువాత లోపలి గ్రామాలకు చాలాచోట్ల రాళ్లబాటలే ఆధారం. అలాంటి దారిలో వాహనం బరువును ఎలా మోస్తున్నదన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు; ప్రాణరక్షణకు సంబంధించినది.

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలకు కేటాయించినది. వాహనాల మరమ్మతు కూడా నేడు ఊరూరా వేళ్లూనుకున్న వృత్తి. ఆ వృత్తిలోని పదాలను గ్రహించాలంటే వాటి వెనక ఉన్న పనిని కూడా గ్రహించాలి.

2. కమాను - పదం, పని:
‘కమాన్’ పారసీకంలో విల్లు. ఉక్కుపట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ బిగించి, రెండు కొనలను వాహనపు చట్రానికి తగిలిస్తే ఏర్పడే వంపు విల్లును పోలి ఉంటుంది. అందువల్ల దానికి కమానుకట్ట అన్న పేరు సార్థకం. పాత జీపులకు నాలుగు చక్రాల వద్దా కమానుకట్టలే ఉండేవి. బొలెరోలో ముందు చుట్టల స్ప్రింగులు, వెనక కమానుకట్టలు ఉంటాయి. 2020లో వచ్చిన థార్‌లో ముందూ వెనకా చుట్టల స్ప్రింగులే.

రూపం ఏదైనా పని ఒకటే. మోపిన బలానికి అనులోమానుపాతంలో స్ప్రింగు కుంగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక సెంటీమీటరు కుంగడానికి ఎంత బరువు కావాలో అదే స్ప్రింగు గట్టిదనం. కమానుపట్టీ మందం పదిశాతం పెరిగితే దాని గట్టిదనం సుమారు 33 శాతం పెరుగుతుంది. ఎందుకంటే గట్టిదనం మందపు ఘనాన్ని అనుసరిస్తుంది. చుట్టల స్ప్రింగులో తీగ వ్యాసం పదిశాతం పెరిగితే గట్టిదనం సుమారు 46 శాతం పెరుగుతుంది. కాబట్టి ‘కొంచెం మందమైన పట్టీ’ అన్నది నిజానికి కొంచెం మార్పు కాదు.

3. గట్టిదనం, ఎత్తు - ఒక లెక్క:
ఒక ఊహాత్మక వాహనాన్ని తీసుకుందాం. ఇరుసు, చక్రాల బరువు మినహాయించి, ఖాళీగా ఉన్నప్పుడు వెనక స్ప్రింగులపై పడే బరువు 600 కిలోలు. రెండు స్ప్రింగుల మొత్తం గట్టిదనం సెంటీమీటరుకు 60 కిలోలు. అప్పుడు అవి 10 సెంటీమీటర్లు కుంగి నిలుస్తాయి. వెనకభాగంపై మరో 400 కిలోలు పడితే మొత్తం కుంగుదల సుమారు 16.7 సెంటీమీటర్లు అవుతుంది. అంటే వాహనం 6.7 సెంటీమీటర్లు కిందికి దిగింది. గుంతలో పడినప్పుడు స్ప్రింగు పైకి కదలడానికి మిగిలిన చోటు ఆ మేరకు తగ్గింది.

ఇప్పుడు సెంటీమీటరుకు 100 కిలోల గట్టిదనం గల స్ప్రింగులను, బరువు లేనప్పటి వంపు మారకుండా అమర్చామనుకుందాం. 1000 కిలోల బరువుకు అవి 10 సెంటీమీటర్లే కుంగుతాయి. బరువుతో ఉన్న వాహనం తన తొలి ఎత్తులోనే నిలుస్తుంది. ఊగే వేగం కూడా తొలి స్థితిలోలాగే సెకనుకు సుమారు 1.6 సార్లు ఉంటుంది. బరువు ఎన్ని రెట్లు పెరిగిందో గట్టిదనమూ అన్ని రెట్లే పెరగాలన్న సూత్రం ఇందులో ఉంది.

అయితే అదే వాహనం ఖాళీగా ఉంటే కుంగుదల 6 సెంటీమీటర్లే. వెనకభాగం 4 సెంటీమీటర్లు పైకి లేచి కనిపిస్తుంది. సెకనుకు సుమారు 2 సార్లు ఎగిరెగిరి పడుతుంది. గతుకులపై చక్రం నేలను వదిలే అవకాశం పెరుగుతుంది. చూపులకు ‘ఎత్తు పెరిగింది’ అనిపించే ఈ నాలుగు సెంటీమీటర్లు రావలసిన బరువు కోసం ఖాళీగా ఉంచిన చోటు మాత్రమే.

4. నిత్యభారం, మారుభారం:
ఎంపికలో మొదటి ప్రశ్న ‘ఎంత ఎత్తు కావాలి?’ అన్నది కాదు. ‘ఎంత బరువు, ఎన్ని రోజులు?’ అన్నది. పనిముట్లు, నీటితొట్టి, ఇనుప బంపరు వంటివి శాశ్వతంగా అమర్చిన వాహనానిది నిత్యభారం. దానికి పై లెక్క ప్రకారం గట్టి స్ప్రింగు తగినది. అనకాపల్లికి బెల్లంతో నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగివచ్చే పికప్‌ది మారుభారం. దానికి మొత్తం కట్టను గట్టిపరచడం కంటే, కొంత కుంగిన తరువాతనే పని అందుకునే సహాయక పట్టీలు మేలు. ఖాళీగా ఉన్నప్పుడు ప్రధానపట్టీలే పనిచేస్తాయి. బరువు పడినప్పుడు సహాయకపట్టీలు తోడవుతాయి.

ఊహతో కాక కొలతతో నిర్ణయించాలి. ధర్మకాటాపై వాహనాన్ని ఖాళీగా ఒకసారి, మామూలుగా మోసే బరువుతో ఒకసారి తూచి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా ఎంత మోస్తున్నాయో రాసుకోవాలి. చక్రం నడిమిభాగం నుంచి పైనున్న మడ్‌గార్డు అంచుకు గల దూరాన్ని రెండు స్థితుల్లోనూ కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు కుంగుదల కూడా లెక్కలో కలుస్తుంది.

5. షాక్ అబ్జార్బర్ పని:
మామూలు షాక్ అబ్జార్బర్ బరువును మోయదు. స్ప్రింగు దాచుకున్న శక్తిని నూనె ద్వారా వేడిగా మార్చి, ఊగిసలాటను అణచడమే దాని పని. భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాల్లోని అవరుద్ధ డోలనానికి ఇది నిత్యజీవితంలోని ఉదాహరణ. కాబట్టి కుంగిన వాహనానికి షాక్ అబ్జార్బర్లు మాత్రమే మార్చితే కుంగుదల తీరదు.

స్ప్రింగు మార్చి షాక్ అబ్జార్బర్‌ను పాతదే ఉంచడం కూడా లోపమే. పై ఉదాహరణలో బరువు, గట్టిదనం రెండూ 1.67 రెట్లు పెరిగాయి. ఊగిసలాట మునుపటిలా అణగాలంటే షాక్ అబ్జార్బర్ నిరోధం కూడా సుమారు అంతే పెరగాలి. ముఖ్యంగా నొక్కుకున్న స్ప్రింగు తిరిగి విచ్చుకునేటప్పుడు పట్టి ఉంచే శక్తి తగినంత ఉండాలి. లేకుంటే గుంత దాటిన ప్రతిసారీ వెనకభాగం పైకి ఎగురుతుంది.

రాళ్లబాటపై గంటల తరబడి నడిస్తే నూనె వేడెక్కి, గాలిబుడగలు చేరి, నిరోధం తగ్గుతుంది. వాయుపీడనం గల షాక్ అబ్జార్బర్లలో నైట్రోజన్ ఒత్తిడి ఈ నురుగును అరికడుతుంది. ఒకే గొట్టంతో చేసినవి వేడిని త్వరగా వదులుతాయి. కాని రాయి తగిలి గొట్టం సొట్టపడితే వెంటనే పాడవుతాయి. పొడవు కూడా ముఖ్యమే. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు షాక్ అబ్జార్బర్ అడుగంటకముందే రబ్బరుదిమ్మె అడ్డుకోవాలి. పూర్తిగా కిందికి వేలాడినప్పుడు ఇరుసు బరువంతా షాక్ అబ్జార్బర్‌పై పడకూడదు.

6. ఎత్తు పెంచితే ఏమవుతుంది?
స్ప్రింగుకూ చట్రానికీ నడుమ దిమ్మె పెట్టినా, కమాను కొనన ఉండే షాకిల్‌ను పొడవు చేసినా వాహనం లేస్తుంది, మోసేశక్తి పెరగదు. షాకిల్‌ను 5 సెంటీమీటర్లు పొడిగిస్తే ఇరుసు వద్ద వచ్చే ఎత్తు దాదాపు అందులో సగమే.

ఎత్తుకు మూల్యం ఉంది. రెండు చక్రాల నడుమ వెడల్పు 140 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 70 సెంటీమీటర్లు ఉన్న వాహనంలో గరిమనాభి 5 సెంటీమీటర్లు పెరిగితే మలుపులో పక్కకు పడిపోకుండా నిలిచే శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. పైకప్పుపై బస్తాలు, మనుషులు చేరితే గరిమనాభి ఇంకా పైకి పోతుంది. ఘాట్ మలుపులో ఈ తేడా నిర్ణాయకం కావచ్చు.

మరొక చిక్కు తేలికగా కంటికి కనబడదు. పలు సరకు వాహనాల్లో వెనకభాగం కుంగుదలను బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని నిర్ణయించే కవాటం ఉంటుంది. స్ప్రింగు మార్చి కవాటాన్ని సరిచేయకపోతే, నిండు బరువుతో ఉన్న వాహనాన్ని అది ఖాళీ వాహనంగా గ్రహించి వెనక బ్రేకును బలహీనపరుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఇది పెద్ద ప్రమాదం. బ్రేకు గొట్టాల పొడవు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం, ముందుచక్రాల అమరిక కూడా ఎత్తు మారిన ప్రతిసారీ చూసుకోవలసినవే.

7. స్థూలభారం, చట్టం:
తయారీదారు నిర్ణయించిన స్థూలభారం స్ప్రింగును మాత్రమే బట్టి వచ్చిన అంకె కాదు. బ్రేకులు, ఇరుసు, చక్రాల బేరింగులు, టైర్లు, చట్రం కలిసి సురక్షితంగా భరించగల హద్దు అది. గట్టి స్ప్రింగు కుంగుదలను దాచగలదు, బరువును తగ్గించలేదు. కుంగుదల కనబడకపోవడం వల్ల మరికొంత సరకు ఎక్కించడం జరిగితే ఆ మార్పు మేలుకు బదులు కీడే చేస్తుంది.

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత 194వ సెక్షన్ అధికభారానికి 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేల చొప్పున జరిమానా విధిస్తుంది.

8. ముగింపు:
ఎంపికక్రమాన్ని ఇలా సంగ్రహించవచ్చు. మొదట బరువును తూచాలి; అది స్థూలభారాన్ని మించితే స్ప్రింగును కాదు, సరకును మార్చాలి. పరిమితికి లోబడితే నిత్యభారమా, మారుభారమా తేల్చుకుని స్ప్రింగు గట్టిదనాన్ని నిర్ణయించాలి. ఆ గట్టిదనానికి సరిపడే షాక్ అబ్జార్బర్‌ను ఎంచుకోవాలి. ఎత్తును చివర, దారికి అవసరమైనంత మేరకే పెంచాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి ఎత్తుతో మొదలుపెట్టిన వాహనం బాగా కనిపించవచ్చు; కాని ఘాట్‌లో దాని భారాన్ని మోసేది అందులో కూర్చున్న మనుషులే.