ఏకముఖ వీరుడు: పాత్రను పరిశీలించే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఏకముఖ పాత్ర, బహుముఖ పాత్రల మధ్య భేదాన్ని చెప్పగలుగుతారు.
- వీరగాథలోనూ, టెలివిజన్ ధారావాహికలోనూ ఏకముఖ వీరుడు ఎందుకు కనిపిస్తాడో వివరించగలుగుతారు.
- సర్వాయి పాపన్న కథ ఆధారంగా ఒక వీరపాత్రను సొంతంగా విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెరిగినవారైతే మీరు ఎప్పుడో ఒకప్పుడు శారదకథనో, బుర్రకథనో వినే ఉంటారు. కథలోకి వీరుడు రాగానే అతడు ఏం చేస్తాడో మనకు ముందే తెలిసిపోతుంది. అతడు భయపడడు, మాట తప్పడు, శత్రువును చూస్తే ఆగడు. కథ మొదట్లో ఎలా ఉన్నాడో చివరిదాకా అలాగే ఉంటాడు. ఇలాంటి పాత్రను 'లోతు లేని పాత్ర' అని తీసిపారేయడం విమర్శలో తరచుగా కనిపించే అలవాటు. ఆ మాట ఎంతవరకు సరైనదో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. నిర్వచనం

ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో వెలువడిన తన నవలా విమర్శ గ్రంథంలో పాత్రలను రెండు రకాలుగా విభజించాడు. ఒకే గుణం మీద నిలబడి, ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలైనది ఏకముఖ పాత్ర. మనం నమ్మే విధంగానే మనల్ని ఆశ్చర్యపరచగలిగినది బహుముఖ పాత్ర. ఏకముఖ పాత్ర పనికిరానిదని ఫార్‌స్టర్ అనలేదు. అలాంటి పాత్రను పాఠకుడు వెంటనే గుర్తుపడతాడని, చాలాకాలం గుర్తుంచుకుంటాడని కూడా చెప్పాడు.

ఈ ఆలోచన మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని మన లాక్షణికులు నాలుగు విధాలుగా చెప్పారు. వీరరసానికి ఉత్సాహం స్థాయీభావం. వీరులలోనూ దానవీరుడు, ధర్మవీరుడు, దయావీరుడు, యుద్ధవీరుడు అనే భేదాలున్నాయి. అంటే వీరత్వం యుద్ధానికే పరిమితం కాదని మనవారు ఎప్పుడో గుర్తించారు. తక్కిన మూడూ పోయి యుద్ధవీరుడు ఒక్కడే మిగిలినచోట పాత్ర ఏకముఖమవుతుంది.

3. ఏకముఖ వీరుడు ఎందుకు పుడతాడు?

మొదటి కారణం ప్రదర్శన పద్ధతి. రాత్రంతా సాగే కథలో వినేవారు మధ్యలో వస్తారు, పోతారు. ఏ ఘట్టం దగ్గర వచ్చి కూర్చున్నా వీరుడెవరో వెంటనే తెలియాలి. అందుకే గాయకుడు ఒకే గుణాన్ని పదే పదే చెబుతాడు.

వారం వారం వచ్చే టెలివిజన్ ధారావాహికకూ ఇదే అవసరం ఉంది. అమెరికాలో 1987లో మొదలైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అనే సైన్స్ ఫిక్షన్ ధారావాహికలో వర్ఫ్ అనే పాత్ర ఉంది. క్లింగాన్ అనే యోధజాతిలో పుట్టిన ఈ పాత్రను మైకేల్ డార్న్ పోషించాడు. తొలి భాగాల్లో అతని పని దాదాపు ఒక్కటే: ప్రమాదం ఎదురైతే దాడి చేద్దామనడం. నౌకాధిపతి దాన్ని కాదని మరో మార్గం ఎంచుకుంటాడు. నాయకుడి వివేకాన్ని చూపడానికి యోధుడి ఆవేశం పనికివచ్చింది. ఏకముఖ పాత్ర పుట్టడానికి ఇది రెండో కారణం: కొన్నిసార్లు ఒక పాత్ర మరొక పాత్రకు ఎత్తుపీటగా మాత్రమే ఉంటుంది.

4. సర్వాయి పాపన్న: రెండు ఏకముఖ చిత్రాలు

ఇప్పుడు మన నేల మీది ఉదాహరణ చూద్దాం. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న ఖిలాషాపురం కేంద్రంగా కోటలు కట్టి, సైన్యాన్ని కూడగట్టాడు. ఔరంగజేబు 1707లో మరణించాక మొగలుల పట్టు సడలింది. మరుసటి ఏడాది, 1708లో, పాపన్న ఓరుగల్లును కొల్లగొట్టాడు. అదే ఏడాది, 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉన్న భువనగిరి మీదా దాడి చేశాడు. 1710లో పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు.

ఇతని కథ మనకు ప్రధానంగా రెండు దారుల్లో అందింది. ఒకటి మొగలుల పక్షాన పారసీలో చరిత్ర రాసిన ఖాఫీఖాన్ రచన. అందులో పాపన్న దోపిడీదారు మాత్రమే. రెండోది జనం పాడుకున్న గాథ. దాని ఒక పాఠాన్ని జె.ఎ. బాయిల్ 1874లో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో పరిచయం చేశాడు. అందులో పాపన్న గోలకొండనే కొట్టాలని కలగన్న వీరుడు. గమనించండి: జనగాథ ఎంత ఏకముఖమో, దర్బారు చరిత్ర కూడా అంతే ఏకముఖం. రాతలో ఉన్నంత మాత్రాన ఒక చిత్రానికి లోతు రాదు.

5. పక్కవారి మాట

మరి లోతు ఎక్కడినుంచి వస్తుంది? వీరుడికి ఒక బలహీనతను తగిలిస్తే చాలునని కొందరు రచయితలు అనుకుంటారు. పాపన్న కథ మరో సంగతి చెబుతుంది. వీరుడి చుట్టూ ఉన్నవారు నోరు విప్పినచోట రెండో ముఖం కనిపిస్తుంది.

గాథలో ఆ చోటు తల్లితో సంభాషణ. కులవృత్తి విడిచిపెడతానన్న కొడుకు మాటలో తెగింపు ఉంది. తల్లి వైపు నుంచి విన్నప్పుడు అదే మాటలో ఇంటికి రాబోయే ఆపద ఉంది. ఖాఫీఖాన్ కథనంలోనూ ఇలాంటి చోట్లున్నాయి. పాపన్న చెరలో ఉన్న తన సోదరునికి స్వయంగా పాపన్న భార్యే ఆకురాళ్ళు అందించి, సంకెళ్ళు కోసుకొని బయటపడేందుకు సాయం చేసిందట. చివరికి పారిపోయిన పాపన్నను గుర్తుపట్టినవాడు ఒక కల్లు అమ్మేవాడు. భార్యకు ఏ బంధం బరువైంది? తన వృత్తివాడే అతణ్ణి ఎందుకు పట్టించాడు? చరిత్రకారుడు ఈ ప్రశ్నలు వేయలేదు. ఓరుగల్లులో స్త్రీలతో సహా అనేకులను చెరపట్టారని రాశాడు గాని, వారి మాట కూడా అందులో లేదు.

పాపన్నను తమవాడిగా తలచుకునేవారికి ఈ ప్రశ్నలు అవమానం కావు. కింది కులంలో పుట్టి కోట కట్టినవాడి సాహసం వీటివల్ల తగ్గదు. అయితే ఆ సాహసానికి మూల్యం ఎవరెవరు చెల్లించారో తెలియకపోతే, మనకు మిగిలేది విగ్రహమే గాని మనిషి కాదు.

వర్ఫ్ విషయంలోనూ ఇదే జరిగింది. 1990లో ప్రసారమైన ఒక భాగంలో అతణ్ణి పెంచిన మానవ తల్లిదండ్రులు నౌకకు వస్తారు. అప్పటికి అతడు తన జాతిలో పరువు పోగొట్టుకొని ఉన్నాడు. కొడుకు బాధను పంచుకోవాలన్న వారి ఆరాటం ముందు, ఎప్పుడూ చూసే ఆ యోధుడే మనకు కొత్తగా కనిపిస్తాడు. అతని గుణం మారలేదు, చూసే చోటు మారింది.

6. సారాంశం

ఏకముఖ వీరుడు ప్రదర్శన అవసరం నుంచి పుడతాడు కనుక అతడు దానంతట అదే దోషం కాదు. పక్కవారి మాట పూర్తిగా వినపడకుండా పోయినప్పుడే అది దోషమవుతుంది. వీరుడి గుణమేమిటి, దాన్ని ఎవరు చెబుతున్నారు, ఎవరి మాట వినపడటం లేదు అనే మూడు ప్రశ్నలతో ఏ వీరపాత్రనైనా పరిశీలించవచ్చు.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ఏకముఖ, బహుముఖ పాత్రల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
ఆ) 'దర్బారు చరిత్ర కూడా ఏకముఖమే' అనే అభిప్రాయాన్ని పాపన్న కథ ఆధారంగా చర్చించండి.
ఇ) మహబూబ్‌నగర్ ప్రాంతంలో పాడే పండుగ సాయన్న కథనుగాని, మీ ఊళ్ళో వినిపించే మరో వీరుడి కథనుగాని పెద్దల నుంచి విని రాసుకోండి. అందులో తల్లి, భార్య, తోబుట్టువు, శత్రువులలో ఎవరికి మాట ఉంది, ఎవరికి లేదు? మీ పరిశీలనను ఒక పుటలో రాయండి.