గళ్లలో ఒదిగిన రూపు

చిన్న బొమ్మను పెద్దదిగా గీయుమనగానే పిల్లల చేయి వణకును. ఆ బెదురును పోగొట్టునది గళ్ల పద్ధతి. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా (1895–1971) చిత్రమునే తీసికొందము. దానిపై 1 అంగుళపు గళ్లు, బడిగోడపై 3 అంగుళముల గళ్లు గీచి, రెండింటికిని ఒకే వరుసలో అంకెలు వేయవలెను. ఇక ముఖమంతయు చూచి బెదరనక్కరలేదు. గీత ఏ గడి అంచును ఎచ్చట దాటినదో గమనించిన చాలును. పొడవు మూడింతలైనచో వైశాల్యము తొమ్మిదింతలగునను లెక్కయు ఇందే తెలియును. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులును గోడలపై ఎర్రని గళ్లు గీచియే బొమ్మలు దిద్దిరి.

అయినను గళ్లు ఊతకర్ర మాత్రమే. తుదకు వానిని చెరిపి, దూరముగా నిలిచి చూచుట నేర్పవలెను. అంటరానితనమును ఎదిరించిన కవి ముఖము తన చేతనే గోడపై వెలసినపుడు, ‘నాకు రాదు’ అను మాట ఆ బిడ్డ నోట అంత సులువుగా వచ్చునా?