బాడుగ ఇంటికి ముందు నీళ్ల మాట

ఇల్లు ఖాళీగా ఉండకుండా బాడుగకు పోవాలంటే, ఆ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కునేది ఎవరో యజమానికి ముందు తెలిసుండాలి. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె ప్రాంతంలో ఈ లెక్క 2012 తర్వాత మారిపోయింది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గనికి, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని మొదలైంది. మధ్యలో 2011 జులైలో, అణుశక్తి సంఘానికి అప్పటి అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు ఖాయమయ్యాయని, లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చని ప్రకటించడంతో ఊరి పేరు దేశమంతా వినపడింది. అంతకుముందు చీనీ, అరటి తోటల మీద బతికిన ఈ పల్లెల దారుల్లో షిఫ్టు డ్యూటీకి పోయేవాళ్లు కనపడసాగారు. యురేనియం కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని జాదూగూడలో ఉంది. కాబట్టి ఇల్లు కావాలని వచ్చేవాళ్లలో తెలుగు రానివాళ్లూ ఉంటారు.

పులివెందులలో గిరాకీ వేరు. అక్కడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది కాబట్టి విద్యార్థులు నలుగురైదుగురు కలిసి గదులు తీసుకుంటారు. వేంపల్లె పక్కనున్న ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అయితే ఆ పిల్లలంతా హాస్టళ్లలోనే ఉంటారు. వేంపల్లెలో ఇల్లు వెతికేది అక్కడి అధ్యాపకులు, సిబ్బంది. విద్యార్థుల కోసమని చిన్న చిన్న గదులు కట్టి కూర్చుంటే అవి ఖాళీగా మిగులుతాయి. అదే డబ్బుతో రెండు గదులు, వంటిల్లు, బట్టలు ఆరేసుకునే జాగా ఉన్న ఇల్లు కడితే కుటుంబాలు వస్తాయి.

సీమలో ఇల్లు చూడ్డానికి వచ్చిన ఇల్లాలు గదులు చూడకముందే కొళాయి తిప్పి చూస్తుంది. వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూఇటూగా ఉండే జిల్లా ఇది. ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికిన వీధులు ఎన్నో. ఇక్కడ ఇల్లు బాడుగకిచ్చేవాళ్లు చెప్పాల్సిన మొదటి సంగతి నీళ్లే. కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఎన్ని లీటర్లది, మోటారు ఎవరు వేయాలి, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది? ఇవన్నీ ముందే తేల్చి చెప్పిన ఇంటికి నెల తిరక్కముందే తగాదాలు రావు. పది వేల లీటర్ల సంపు కట్టించడం గోడలకు ఖరీదైన రంగులు వేయించడం కంటే ఎన్నో రెట్లు మేలు.

తుమ్మలపల్లె దగ్గర ఈ నీళ్ల మాటకు ఇంకో బరువుంది. కర్మాగారం వ్యర్థాలు చేరే టెయిలింగ్ పాండ్ వల్ల తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని కేకే కొట్టాల వంటి పల్లెల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసులిచ్చింది. ఈ చుట్టుపక్కల ఇల్లు బాడుగకిచ్చే యజమాని బోరు నీళ్లను పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని వచ్చినవాళ్ల చేతిలో పెట్టాలి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. యురేనియం 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మామూలు పరీక్షలకు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలున్నాయి. యురేనియానికి మాత్రం విడిగా పరీక్ష అడగాలి. ఫలితం బాగాలేకపోతే దాచడం తప్పు. ఆ ఇంట్లో పసిపిల్లలు నీళ్లు తాగుతారు. బోరు నీళ్లు వాడకానికే, తాగడానికి క్యాన్ తెచ్చుకోవాలని చెప్పేస్తే కొందరు వెనక్కి పోవచ్చు. తెలిసి వచ్చినవాళ్లు నిలబడతారు.

నీళ్ల తర్వాత ఎండ. మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లలో పై అంతస్తు ఇంటికి గిరాకీ తక్కువ, బాడుగా తక్కువే. పాతకాలం బండల మిద్దెల మీద సున్నం కొట్టడం ఇక్కడివాళ్లకు తెలిసిన ఉపాయమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి కప్పులకు తెల్లని, వేడిని వెనక్కి కొట్టే పూతలు వేయాలన్నదీ ఇదే సూత్రం మీద. ఎండాకాలానికి ముందు కప్పు మీద తెల్లపూత వేయించి, కిటికీలకు దోమతెరలు బిగించిన ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లకు నడిమధ్యాహ్నం లోపల అడుగుపెట్టగానే తేడా తెలుస్తుంది. అందుకే ఇల్లు మధ్యాహ్నమే చూపించాలి.

కరెంటు మీటరు వేరుగా ఉండటం మరో ఆకర్షణ. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబుల పద్ధతి కాబట్టి, రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరికీ భారమే. బిల్లు పంచుకునే దగ్గర మాటలు పెరిగి ఖాళీ అయిన ఇళ్లు తక్కువేం కాదు.

బాడుగ ఎంత చెప్పాలన్నది వీధిలో నాలుగిళ్లు అడిగితే తేలుతుంది. ఆశపడి పెంచితే నష్టం ఎలా వస్తుందో చిన్న లెక్క చెబుతుంది. 6,000 పలికే ఇంటికి 6,500 చెప్పి ఒక నెల ఖాళీగా ఉంచితే ఏడాదికి వచ్చేది 71,500. అడిగిన వెంటనే 6,000కు ఇచ్చేస్తే 72,000. ఖాళీ ఇంటికి చెదలు, బూజు అదనం.

ఎప్పుడు ఖాళీ అవుతుందన్నదీ ముఖ్యమే. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు అరుదు. ఆషాఢం మొదట్లో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా ఆగాల్సిందే. ఉద్యోగుల బదిలీలు, పిల్లల బడి చేరికలు మే, జూన్ నెలల్లో జరుగుతాయి. ఒప్పందం గడువు ఆ రోజుల్లో ముగిసేలా రాసుకున్న యజమానికి ఖాళీ నెల రాదు.

ఇక ప్రకటన. గేటుకు కట్టిన ‘ఇల్లు బాడుగకు ఇవ్వబడును’ అన్న అట్టముక్కకు ఫోన్లు వస్తాయి గానీ, పదిమంది అవే ప్రశ్నలు అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో పెట్టే ఐదు వాక్యాలు ఇలా ఉంటే సగం ప్రశ్నలు తీరిపోతాయి: ‘వేంపల్లెలో, బస్టాండుకు నడిచి పోవచ్చు. మొదటి అంతస్తు, తూర్పు వాకిలి, రెండు గదులు, వంటిల్లు, వేరే మీటరు. కొళాయి రోజు మార్చి రోజు, సంపు ఉంది. తాగేందుకు క్యాన్ తెచ్చుకోవాలి. బాడుగ 6,000, అడ్వాన్సు రెండు నెలలది.’ వాకిలి దిక్కు రాయకపోతే మొదటి ఫోను దానికోసమే వస్తుంది. ఫొటోలు పొద్దున వెలుతురులో తీయాలి. వంటిల్లు, స్నానాల గది, కొళాయి తప్పక ఉండాలి. ఇదే సందేశం హిందీలో కూడా ఉంటే గని ఉద్యోగులకు చేరుతుంది. బాడుగ ఇళ్ల యాప్‌ల వ్యాపారం ఎక్కువగా పెద్ద నగరాలదే. ఇక్కడ పనిచేసేవి కిరాణా కొట్టు, టీ బంకు, కళాశాల ఆఫీసు గుమాస్తా. ఆన్‌లైన్‌లో పెడితే ఒక జాగ్రత్త: సైన్యంలో పనిచేస్తున్నామని, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతామని క్యూఆర్ కోడ్ పంపేవాళ్లు మోసగాళ్లు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం గానీ, పిన్ కొట్టడం గానీ అక్కర్లేదు.

వచ్చినవాళ్లను ‘మీరేమోళ్లు?’ అని కులం అడగడం, మతం పేరుతో, తిండి పేరుతో తిప్పిపంపడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఇది మనుషులను అవమానించడం. వ్యాపారంగా చూసినా నష్టమే; నెలనెలా బాడుగ కట్టగల కుటుంబాలను యజమాని తన గేటు దగ్గరే పోగొట్టుకుంటున్నాడు. అడగాల్సినవి వేరే: ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఎక్కడున్నారు. ఆధార్ నకలు తీసుకుని, పాత ఇంటి యజమానితో ఒకసారి మాట్లాడితే చాలు.

కాగితం తప్పనిసరిగా రాసుకోవాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలనడంతో దేశంలో 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి; ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా లీజు రిజిస్టర్ కావాలి. బెంగళూరు అలవాటు చూసి పది నెలల అడ్వాన్సు అడిగితే చిన్న ఊళ్లలో ఎవరూ రారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల బాడుగే గరిష్ఠం అంది. బాడుగ లేకుండా ఒకేసారి మొత్తం తీసుకుని ఇల్లు భోగ్యానికిస్తే దాన్ని రిజిస్టర్ చేయించాల్సిందే. గోడలు, తలుపులు, కొళాయిలు ఎలా ఉన్నాయో చేరిన రోజే ఇద్దరూ కలిసి ఫొటోలు తీసుకోవాలి.

ఖాళీ చేసేటప్పుడు ఆ ఫొటోలు ముందు పెట్టుకుని లెక్క చూసి, తాళాలు తీసుకున్న రోజే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయాలి. బదిలీ మీద పోయే ఉద్యోగి, తన స్థానంలోకి వచ్చేవాడు ఇల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, చెప్పేది అలాంటి యజమాని ఫోన్ నంబరే.